మామ్మ పొట్ట మీద సుట్ట నిప్పు మచ్చ

పైడితల్లి అమ్మోరి సిరిమాను జాతర అయిపోయిన మూడో రోజున మా మామ్మకి జొరం మొదలైంది. తొలేళ్ళకే (ముందురోజుకే) మావాళ్ళందరూ విజయనగరం వచ్చేసి, మా రెండు గదుల అద్దింట్లో పదకొండు మంది ఎలాగోలా సర్దుకుని పడుకుని, అమ్మోరిని చూసుకుని మళ్ళీ చీపురుపల్లి బస్సెక్కి వెళ్ళిపోయారు, కాబట్టి అందరం ఏమనుకున్నామంటే ఆ తిరుగుడుకి, ఆ జనంలో నలుగుడుకి, రోడ్డు పక్కన తిన్న బజ్జీలకి వచ్చిన జొరం అని. నాన్న ఫోన్ చేసి "మామ్మకి ఒళ్ళు కాలిపోతంది, తలకాయ పగిలిపోతందంటంది, ఊళ్ళో డాక్టరు ఇంజెక్షన్ చేశాడులే" అన్నాడు. నేనేమో "డోలో వెయ్యండి, మూడ్రోజులు చూద్దాం" అన్నాను. నేను చేసే ఉద్యోగం చెప్తే మీకు నవ్వొస్తుంది, మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. ఏడేళ్ళుగా పొద్దున్న లేస్తే నా పనే జొరాలోళ్ళ రక్తాలు చూడ్డం.

ఊళ్ళో డాక్టరంటే ఆర్ఎంపీయే. ఆయన్ని తిట్టడానికి ఈ పోస్టు రాయట్లేదు, అర్ధరాత్రి తలుపు కొట్టినా బండేసుకుని వచ్చే మనిషి ఆయనొక్కడే మా ఊరికి. ఐదో రోజుకి జొరం దిగకపోతే ఆయనే టౌన్లో రక్త పరీక్షలకి పంపించాడు. మలేరియా స్లైడు నెగెటివ్, డెంగీ ఎన్ఎస్1 నెగెటివ్, ప్లేట్‌లెట్లు 70 వేలు, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ టెస్టు‌లో 'ఓ' 1:80. ఇంకేముంది, టైఫాయిడ్ అన్నారు. మన దగ్గర వైడాల్‌లో 1:80 రావడం అంటే చెరువుగట్టు మీద కొంగ కనపడ్డం లాంటిది, జొరం లేనోళ్ళకి కూడా వస్తుంది, నాకు తెలుసు, అయినా కాదనలేదు. సెఫ్ట్రియాక్సోన్ సీసాలు మొదలయ్యాయి, పైన సిప్రో టాబ్లెట్లు. ప్లేట్‌లెట్ల మాట వినగానే మా చిన్నాన్న బొప్పాయాకు కోసం ఊరంతా తిరిగాడు.

నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పనేంటంటే (అప్పట్లో అలా అనుకున్నాను) ఆ ఐదో రోజు రక్తంలోంచే కొంచెం సీరం తీయించి, ఐసు ముక్కలేసిన డబ్బాలో పెట్టించి, తెలిసిన బస్సు కండక్టరు చేతికిచ్చి నా దగ్గరికి తెప్పించుకున్నాను. వైల్-ఫెలిక్స్ చేశాను, అంటే టైఫస్ జొరాలకి చేసే టెస్టు (టైఫాయిడ్ వేరు, టైఫస్ వేరు). ఇది 1916 నాటి టెస్టు, అంటే మా మామ్మ కంటే పెద్దది. తమాషా ఏంటంటే ఇందులో వాడే బ్యాక్టీరియాకి జొరం తెప్పించే బ్యాక్టీరియాకి చుట్టరికమే లేదు. ప్రోటియస్ అనే వేరే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు మన ఒంట్లో టైఫస్ మీద పుట్టిన యాంటీబాడీలకి పొరపాటున అతుక్కుంటాయి, అంతే, పక్కింటోడి కుక్క మనల్ని చూసి తోకాడించినట్టు. స్క్రబ్ టైఫస్‌కి (తుప్పల్లో ఉండే సన్న పురుగు కుడితే వచ్చే జొరం) ఓఎక్స్-కె అనే రకం, ఆ 'కె' కింగ్స్‌బరీ అన్న పేరులోది. మామ్మకి 1:20 దగ్గరే ఆగిపోయింది. నెగెటివ్. నేను హాయిగా నిద్రపోయాను. మొదటి వారంలో యాంటీబాడీలు సరిగ్గా తయారవ్వవనీ, అసలు ఈ టెస్టు జబ్బున్నవాళ్ళనే చాలామందిని వదిలేస్తుందనీ నేనే మా జూనియర్లకి చెప్తుంటాను. చెప్పడం వేరు కదా, మన ఇంట్లోకి వచ్చేసరికి నెగెటివ్ అని కనపడితే చాలు, అదే చదువుకుంటాం.

ఆదివారం ఊరెళ్ళాను. మామ్మ సావిట్లో నులక మంచం మీద, ఎండలో పడేసిన తోటకూర కాడలా ఉంది. కళ్ళు ఎర్రగా, మొహం ఉబ్బినట్టుగా. నీళ్ళు పట్టిద్దామని లేపి కూర్చోబెడుతుంటే చీర కుచ్చిళ్ళ దగ్గర, బొడ్డుకి ఎడంపక్కన, శనగ్గింజంత నల్ల మచ్చ కనపడింది. నల్లటి పెచ్చు, చుట్టూ సన్నటి ఎర్ర అంచు.

"ఇదేటి మామ్మా?"

"ఏటి కాదురా బాబూ, సుట్ట నిప్పు రాలింది."

సరే అన్నాను. సరే అని నీళ్ళు పట్టించి, మంచం కిందున్న చుట్టల కట్ట తీసి అటక మీద పడేసి, దాని గురించి ఆవిడతో గొడవపడి, సాయంత్రం బస్సుకి వచ్చేశాను. ఆ నల్ల పెచ్చు నా కళ్ళముందు రెండు నిమిషాలు ఉంది. పుస్తకంలో ఫోటో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

తొమ్మిదో రోజుకి ఆయాసం మొదలైంది, పొంతన లేని మాటలు, పోయిన తాతయ్యని పేరెట్టి పిలుస్తుంది (మామూలుగా పేరెట్టి పిలిచే మనిషి కాదు). 108లో టౌన్లో ఒక ఆసుపత్రికి తెచ్చాం, పేరెందుకులెండి. డ్యూటీలో ఒకమ్మాయి ఉంది, నిన్నగాక మొన్న చదువైపోయినట్టుంది. మామ్మ నాడి, బీపీ చూసింది, ఛాతీ విన్నది, తర్వాత కర్టెన్ లాగేసి "మామ్మగారూ, చీర కొంచెం వదులు చెయ్యండి, ఒళ్ళంతా ఒకసారి చూడాలి" అంది. చంకలు, రొమ్ముల కింద, గజ్జలు, చెవుల వెనక, నడుము, అన్నీ ఓపిగ్గా చూసింది. బయట నేను నిలబడి ఉన్నాను. "ఈ మచ్చ ఎప్పుడు నుంచి?" అని లోపల్నుంచి అడిగితే నేనే జవాబిచ్చాను, చుట్ట నిప్పండీ, పడి కాలింది అని. ఆ అమ్మాయి కర్టెన్ పక్కకి జరిపి నా వైపు చూసింది.

"మామ్మగారు అడ్డపొగ తాగుతారా మామూలుగా తాగుతారా?"

"అడ్డపొగేనండి."

"అడ్డపొగంటే నిప్పు నోట్లో ఉంటది కదండీ. పొట్ట మీదెలా రాలింది?"

మా సిక్కోలు, విజయనగరం వైపు ముసలమ్మలు చుట్ట తిరగేసి కాల్చే వైపు నోట్లో పెట్టుకుంటారని నేను పుట్టినప్పట్నుంచి చూస్తున్నదే. సముద్రం గాలికి నిప్పు ఆరకుండా అని ఒకరంటారు, పిల్లల్ని ఎత్తుకుంటే కాలకుండా అని ఒకరంటారు. ఆ పొగకి అంగిట్లో కేన్సరొస్తుందని ఊరూరా చెప్తారు. నేనూ చెప్పాను మామ్మకి. కానీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు తట్టలేదు. పైగా కాలితే మంటుండాలి, ముట్టుకుంటే అబ్బా అనాలి, ఆవిడ ఎప్పుడూ నొప్పి అనలేదు. ఎస్కార్‌కి (స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టిన చోట పడే నల్ల పెచ్చుకి) ఉన్న గుణమే అది, నొప్పి ఉండదు, దురద ఉండదు, బట్ట కింద నిమ్మళంగా కూర్చుంటుంది.

అదే పగలు ఐజీఎం ఎలైజాకి (రక్తంలో యాంటీబాడీలు పట్టే టెస్టు) పంపారు, కానీ రిపోర్టు కోసం ఆగలేదు, అరగంటలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరంలోకి ఎక్కించడం మొదలెట్టారు. రెండూ ఎందుకని అడిగితే 2023లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్ గురించి చెప్పింది, వెల్లూరు సీఎంసీ వాళ్ళు మన దేశంలోనే ఏడు ఆసుపత్రుల్లో తీవ్రమైన స్క్రబ్ టైఫస్ ఉన్న 794 మంది మీద చేశారు, రెండు మందులూ కలిపి ఇచ్చినవాళ్ళలో 33 శాతం మందికి సమస్యలు మిగిలితే, ఏదో ఒకటే ఇచ్చిన వాళ్ళలో 47, 48 శాతం. సమస్యలంటే ఐదు రోజులకి కూడా జొరం దిగకపోవడం, వారానికి కూడా కిడ్నీ లివరు లాంటివి దెబ్బతిని ఉండిపోవడం, చావు, ఇవన్నీ కలిపి. చావులు మాత్రమే విడిగా చూస్తే పెద్ద తేడా రాలేదు, అది కూడా చెప్పింది. నాకు ఆ అమ్మాయి మీద గౌరవం అక్కడ ఇంకా పెరిగింది.

రెండో రోజు రాత్రికి జొరం 99కి దిగింది. మూడో రోజు పొద్దున్న "నా సుట్టలేవిరా" అంది. బతికింది అనుకున్నాను.

తర్వాత కూర్చుని లెక్కేసుకుంటే అన్నీ కలుస్తున్నాయి. కుట్టిన దగ్గర్నుంచి జొరం రావడానికి ఆరు రోజుల నుంచి మూడు వారాల దాకా పట్టొచ్చు, ఎక్కువ మందికి పది రోజులు. అంటే సిరిమాను కాదు, దసరాకి ముందు. అప్పుడు మావాళ్ళు గోగు కోసి చెరువులో ఊరేసి నార తీస్తున్నారు. మామ్మ నార తీయదు, చేతకాదు ఇప్పుడు, కానీ మధ్యాన్నం గట్టు మీద తుప్పల పక్కన తుండుగుడ్డ పరుచుకుని నడుం వాలుస్తుంది. ఆ తుప్పల్లో ఎలకలుంటాయి, ఎలకల చెవుల్లో చిగ్గర్లుంటాయి. చిగ్గరంటే ఒకరకం మైట్ పిల్ల, నల్లీ కాదు పిడుదూ కాదు, మిల్లీమీటర్లో ఐదో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. పెద్దయ్యాక అది మట్టిలో చిన్న చిన్న పురుగుల గుడ్లు తింటూ బతుకుతుంది, మన జోలికి రాదు. ఆ పిల్ల దశలోనే, అది కూడా జన్మకి ఒక్కసారే, ఒంటి మీద భోంచేస్తుంది, ఎలక మీద చెయ్యాల్సింది మామ్మ మీద చేసింది. బట్ట బిగుతుగా కట్టిన చోట ఆగుతుంది, అందుకే కుచ్చిళ్ళ దగ్గర. బ్యాక్టీరియా తల్లి మైట్ నుంచి గుడ్డుకి, గుడ్డు నుంచి పిల్లకి వారసత్వంగా వస్తుంది. ఒకచోట పాతుకుపోయిందంటే ఆ తుప్పల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు, ఇది రాయక తప్పట్లేదు ఎందుకంటే మా వీధిలో మామ్మ మంచం దగ్గరికి పిల్లల్ని రానివ్వలేదు కొన్నాళ్ళు.

ఐదు రోజులు ఎక్కించిన సెఫ్ట్రియాక్సోన్ ఏమైందంటారా. ఆ రకం మందులు బ్యాక్టీరియా గోడ మీద దెబ్బకొడతాయి, దీనికి కొట్టేటంత గోడే లేదు. సిప్రో పనిచెయ్యదు, దాని జీన్‌లోనే పుట్టుకతో ఆ మందు పట్టని మార్పు ఉంది. పైగా అది మన కణాల లోపల కూర్చుని ఉంటుంది. బ్లడ్ కల్చర్ పెడితే ఐదు రోజుల తర్వాత నేనే 'నో గ్రోత్' అని టైపు చేసి ఇచ్చేవాణ్ణి, ఎందుకంటే అగార్ ప్లేటు మీద అది పెరగదు, బతికున్న కణాలు కావాలి దానికి, అది కూడా బీఎస్ఎల్-3 అనే గట్టి భద్రత ఉన్న ల్యాబ్‌లో. అలాంటి 'నో గ్రోత్' కాగితాలు ఈ ఏడేళ్ళలో ఎన్నిటి మీద సంతకం పెట్టానో. ఏ జొరమో తెలీలేదు అని రాసిన వాటిలో ఎన్ని ఇవో. గోరఖ్‌పూర్‌లో ఏళ్ళ తరబడి పిల్లలు మెదడు వాపుతో పోతుంటే చాలాకాలం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఖాతాలోనో, కారణం తెలీదు అనే ఖాతాలోనో వేశారు, 2014 తర్వాత సరిగ్గా వెతికితే సగానికి పైగా పిల్లల్లో స్క్రబ్ టైఫస్ ఐజీఎం దొరికింది. మన దగ్గరా 'వైరల్ ఫీవర్' అనే పెద్ద గోనెసంచి ఒకటి ఉంది, పేరు తెలీనివన్నీ అందులో తోసేస్తాం.

సరే, ఎలైజా పాజిటివ్ వచ్చింది, స్క్రబ్ టైఫస్ అని తేలింది, మందు పనిచేసింది. ఇంకేంటి గోల అని మా ఆవిడ అడిగింది. నాకేమో అక్కడితో ఆగలేదు. ఏ స్ట్రెయిన్, అంటే ఆ బ్యాక్టీరియాలో ఏ రకం?

ఇది మావాళ్ళకి ఎలా చెప్పానంటే, తెలుగు అందరిదీ ఒకటే, కానీ 'ఏటి' అంటే మనోడు అని తెలిసిపోద్ది, 'ఏంటండీ' అని సాగదీస్తే గోదారోడని తెలిసిపోద్ది. ఈ బ్యాక్టీరియా పేరు ఒరియెన్షియా సుట్సుగముషి, జపాన్ భాషలో సుట్సుగ అంటే జబ్బు, ముషి అంటే పురుగు. ఇంతకుముందు రికెట్సియా అనే ప్రజాతిలో (జీనస్‌లో) ఒకటిగా ఉండేది, 1995లో వేరు కాపురం పెట్టించారు. దాని ఒంటి మీద 56 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలత) ప్రోటీన్ ఒకటుంటుంది, యాస అంతా అందులోనే. మన ఒంట్లో యాంటీబాడీలు గుర్తుపట్టేది ఆ యాసనే. అందుకే ఒకసారి వచ్చి తగ్గితే ఆ యాసోడి మీద కొన్నాళ్ళు రక్షణ ఉంటుంది గానీ వేరే యాసోడు వస్తే కొన్ని నెలలకే మళ్ళీ మొదటికి. ఇప్పటిదాకా వ్యాక్సిన్ లేకపోవడానికి పెద్ద కారణం ఇదే.

టెస్టు కిట్లకీ ఇదే తలనొప్పి. ఐజీఎం ఎలైజా ప్లేటు మీద పూసేది కార్ప్, కాటో, గిలియమ్ లాంటి కొన్ని పేరున్న స్ట్రెయిన్ల ప్రోటీన్లు. మన తుప్పల్లో ఉన్నది వాటికి దగ్గరదైతే బాగా అతుక్కుంటుంది, దూరందైతే సన్నగా అతుక్కుంటుంది. ఎంత రంగొస్తే పాజిటివ్ అనాలి అనే గీతని కూడా ఒక్కో చోట ఒక్కోలా గీసుకుంటున్నారు, ఎక్కడికక్కడ గీసుకోవాల్సిందే కూడా. వెల్లూరు వాళ్ళు దేశంలో కొన్ని ప్రాంతాల నుంచి తీసిన శాంపిళ్ళలో కాటోకి దగ్గరవి ఎక్కువ కనపడ్డాయి, ఆ తర్వాత కార్ప్‌కి దగ్గరవి. మరి నాగావళి ఒడ్డున ఏది తిరుగుతోంది, సీతంపేట కొండల మీద ఏది, ఉద్దానం జీడి తోటల్లో ఏది, ఎలకల్లో ఉన్నదీ మనుషులకి వస్తున్నదీ ఒకటేనా, ఇవి నాకు రాత్రులు నిద్ర పట్టనివ్వని ప్రశ్నలు. స్ట్రెయిన్ని బట్టి జబ్బు తీవ్రత మారుతుందేమో అని కూడా చూస్తున్నారు. మందు సంగతైతే, 1990ల్లో ఉత్తర థాయ్‌లాండ్‌లో డాక్సీ ఇచ్చినా తొందరగా తగ్గట్లేదని రిపోర్టులొచ్చాయి, అది నిజంగా మొండితనమేనా అని తర్వాత వాదనలూ జరిగాయి. అలాంటిది మన దగ్గర వస్తే కనిపెట్టాలన్నా ముందు మామూలుగా ఇక్కడ ఏముందో రాసిపెట్టుకుని ఉండాలి కదా.

పట్టుకునే పద్ధతి చెప్పడానికి తేలిక. ఆ నల్ల పెచ్చులో బ్యాక్టీరియా రక్తంలో కంటే ఎక్కువ ఉంటుంది, మందు మొదలెట్టి కొన్ని రోజులైనా దాని డీఎన్ఏ అందులో దొరకొచ్చు. రక్తంలో అయితే తొందరగా మాయం. పెచ్చు అంచు ఫోర్సెప్స్‌తో మెల్లగా లేపితే ఊడొస్తుంది, నొప్పి లేదు కాబట్టి పేషెంటు ఏమీ అనరు. స్టెరైల్ ట్యూబులో పొడిగా వేసి మూత బిగించి చల్లగా పంపాలి. అందులోంచి డీఎన్ఏ తీసి, ఆ 56 కిలోడాల్టన్ల ప్రోటీన్ జీన్ ముక్కని పీసీఆర్‌లో పెంచి, అక్షరాలు చదివించి, పాతవాటితో పోల్చుకోవాలి. జీనోమ్ మొత్తం చదవడం మాత్రం నరకం. 2007లో బొర్యోంగ్ అనే కొరియా స్ట్రెయిన్‌ది మొదటిసారి పూర్తిగా చదివితే సుమారు 21 లక్షల అక్షరాల్లో మూడో వంతుకి పైగా ఉన్నదే మళ్ళీ మళ్ళీ. హరికథలో పల్లవి లాగా తిరిగి తిరిగి అదే వస్తుంటే ఎక్కడ ఏ ముక్క అతికించాలో మిషన్‌కి అంతుచిక్కదు.

నేను ఆ డాక్టరమ్మాయిని బతిమాలాను, పెచ్చు తీసి ఉంచండి, తెలిసినవాళ్ళ ద్వారా సీక్వెన్సింగ్‌కి పంపుతాను అని. మామ్మ చేత వేలిముద్ర వేయించి, సరేనంది. మర్నాడు నేను డ్యూటీ దిగి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి నర్సమ్మ నవ్వుతూ ఒక చిన్న సీసా చేతికిచ్చింది. మామ్మ పేరు, వయసు, తేదీ, అన్నీ నీటుగా రాసి లేబుల్ అంటించారు. సీసా నిండా నీళ్ళలాంటి ద్రవం, అందులో శనగ్గింజంత నల్ల ముక్క తేలుతోంది. మూత తియ్యకముందే ముక్కుకి తగిలింది. ఫార్మలిన్, ఒంట్లోంచి తీసిన ముక్కలు కుళ్ళకుండా వేసే మందునీళ్ళు.

ఎవర్నీ అనడానికి లేదు. ఒంట్లోంచి ముక్క తీశామంటే బయాప్సీ, బయాప్సీ అంటే ఫార్మలిన్, వార్డులో అందరికీ అలవాటైన చెయ్యి అది. పొడి ట్యూబులో వెయ్యమని నేను కాగితం మీద రాసివ్వలేదు, నోటితో చెప్పాను, చెప్పిన డ్యూటీ వాళ్ళు మారిపోయారు. ఫార్మలిన్ డీఎన్ఏని ముక్కలు ముక్కలు చేసేస్తుంది, పొడుగాటి జీన్ ముక్క కావాలంటే దొరకడం కష్టం. అయినా ఆశ చావక పంపించాను. రెండు వారాలకి ఫోనొచ్చింది, బ్యాండ్ రాలేదన్నారు, అంటే పీసీఆర్‌లో ఆ జీన్ ముక్క దొరకలేదు.

ఆ తర్వాత నేను చేసింది ఒకటే. మా ల్యాబ్‌కి శాంపిళ్ళు పంపే చోట్లకి చిన్న జిప్ కవర్లలో ఖాళీ స్టెరైల్ ట్యూబులు పెట్టి, ప్రతి దాని మీదా ఎర్ర స్కెచ్చుతో 'పొడిగా, ఏమీ పొయ్యొద్దు' అని తెలుగులో రాసి పంచుతున్నాను. ఖర్చు నాదే, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. జొరం రిక్వెస్ట్ ఫారం వెనకాల ఒక రబ్బరు స్టాంపు కూడా వేయిస్తున్నాను, 'ఒళ్ళంతా చూశారా? నల్ల పెచ్చు ఉందా లేదా?' అని. మొదట్లో ఖాళీగానే వచ్చేవి. ఇప్పుడు కొన్నిటి మీద 'లేదు' అని వస్తోంది, అంటే చూశారన్నమాట. కొంతమందికి పెచ్చు అసలు ఏర్పడదు కూడా, లేదంటే స్క్రబ్ కాదని కాదు, కానీ చూసి లేదు అనడానికీ చూడకుండా వదిలెయ్యడానికీ తేడా నాకంటే బాగా ఇంకెవడికి తెలుసు.

మామ్మ ఇప్పుడు బానే ఉంది. మొన్న ఊరెళ్తే అరుగు మీద కూర్చుని, ఇద్దరు ముసలమ్మలకి పొట్ట మీద మచ్చ చూపించి కథ చెప్తోంది, ఇప్పుడది పెచ్చు ఊడి తెల్లగా చిన్న గుంటలా ఉంది. కథలో నేను పెద్ద డాక్టర్నైపోయాను, ఎంత చెప్పినా దిద్దుకోదు. నన్ను కూడా కూర్చోబెట్టుకుంది.

"ఒరే, నా పురుగు ఏ రకమో తేలిందేట్రా?"

తేలలేదు మామ్మా, మందునీళ్ళలో వేసి పాడుచేశారు అన్నాను. ఆ రకాలకి పేర్లేటని అడిగింది. కార్ప్ అని 1943లో న్యూగినీలో దొరికింది, గిలియమ్ అని అదే ఏడాది మన అస్సాం-బర్మా బోర్డర్లో దొరికింది, కాటో అని 1952లో జపాన్‌లో అన్నాను. అవేం పేర్లురా అంది. అవి జొరమొచ్చిన మనుషుల పేర్లే మామ్మా, ఎవరి రక్తంలో దొరికితే వాళ్ళ పేరు పెట్టారు అన్నాను.

మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. కాసేపు ఏం మాట్లాడలేదు.

"అయితే నాది దొరికుంటే నా పేరెట్టుదురేట్రా?"

అంతేగా మామ్మా అన్నాను, ఇప్పుడలా పెట్టరని తెలిసి కూడా.

"సీసాలో ఏసిన గుంట ఎవుర్తిరా అది?" అని అడిగి, చుట్ట తిప్పి నిప్పు వైపు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.